అద్దె ఫ్లాట్‌లో కుక్క, పిల్లి ఉన్నాయి. కార్పొరేషన్‌లో లైసెన్సు తీసుకోవాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడ పటమటలో అద్దె ఫ్లాట్. ఏడు నెలల లాబ్రడార్, మెట్ల కింద దొరికితే పెంచుకుంటున్న రెండేళ్ల పిల్లి. "కార్పొరేషన్ లైసెన్సు చూపించండి, లేకపోతే నెలాఖరుకల్లా జంతువుల్ని పంపించేయండి" అని అసోసియేషన్ వాళ్లు లిఫ్టు పక్కన కాగితం అంటించారు. లైసెన్సు నిజంగా అవసరమా, పిల్లికి కూడా కావాలా, ఎక్కడికి వెళ్లాలి?

కుక్కకు తీసుకోండి, ఆలస్యం చేయకండి. పిల్లికి రేబీస్ టీకా వేయించి బుక్ దగ్గర పెట్టుకోండి, కుక్క కోసం వెళ్లినప్పుడే దాని గురించీ అడగండి. అయితే లైసెన్సు లేదన్న కారణంతో మీ కుక్కను వెళ్లగొట్టే అధికారం అసోసియేషన్‌కు లేదు. ఇంకో మాట. ఆఫీసుకు వెళ్లే ముందు టీకా బుక్ ఒకసారి తీసి చూడండి. పని సగం అక్కడే ఆగిపోతుంది.

నేను విజయవాడలో ఇరవై రెండేళ్లుగా కుక్కలకు, పిల్లులకు వైద్యం చేస్తున్నాను. అంతకు ముందు నాలుగేళ్లు గుంటూరులో చేశాను. లైసెన్సు ఫారం మీద సంతకం కోసం వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందులో ఒక్కరైనా కాగితాలు సరిగ్గా లేక వెనక్కి వెళ్తారు.

ముందు ఎవరి పరిధిలో ఉన్నారో చూసుకోండి

మీది పటమట కాబట్టి విజయవాడ మునిసిపల్ కార్పొరేషనే, అందులో అనుమానం లేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. బ్యారేజీ దాటి తాడేపల్లి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఎవరడిగినా "విజయవాడ" అనే చెబుతారు, కానీ వాళ్లది 2021లో ఏర్పడిన మంగళగిరి తాడేపల్లి కార్పొరేషన్. కానూరు, పోరంకి, యనమలకుదురు వాళ్లు తాడిగడప మునిసిపాలిటీ కిందికి వస్తారు. ఇది తెలియక ఊరంతా తిరిగినవాళ్లు నాకు తెలుసు. ఇంటి పన్ను రసీదు తీసి పైన ఎవరి పేరు అచ్చయిందో చూస్తే చాలు, మీ ఆఫీసు అదే. అద్దెకుంటే ఓనరును అడిగి ఫోటో తెప్పించుకోండి.

లైసెన్సు ఆ ఊరికే చెల్లుతుంది. గుంటూరులో లైసెన్సుతో ఇచ్చిన మెడ బిళ్లతో విజయవాడ వచ్చి "ఉంది కదండీ" అంటే కుదరదు, ఇక్కడ మళ్లీ తీసుకోవాలి. టీకా బుక్ మాత్రం ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది.

కార్పొరేషన్‌లో ఈ పని ప్రజారోగ్య విభాగానిది, అందులో వెటర్నరీ డాక్టరు ఉంటారు. నేరుగా పెద్దాఫీసుకు పరుగెత్తే ముందు మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలవండి. ఆ ఉద్యోగం పేరులో శానిటేషన్ అని ఉంది కదా, కుక్కల గొడవ మాకెందుకు అనుకోకండి, వీధిలో కుక్కల ఫిర్యాదు వచ్చినా ముందు వెళ్లేది వాళ్ల దగ్గరికే. ఫీజు ఎంతో, ఇప్పుడు ఏ కాగితాలు అడుగుతున్నారో అక్కడే చెబుతారు. ఫీజు కౌన్సిల్ తీర్మానాలతో మారుతూ ఉంటుంది కాబట్టి రెండేళ్ల కిందట పక్కింటాయన ఎంత కట్టాడో అడిగి లాభం లేదు. కట్టిన దానికి రసీదు తీసుకోండి. "తర్వాత ఇస్తాం" అంటే తర్వాతే కడతామనండి.

మామూలుగా అడిగేవి: మీ ఆధార్, చిరునామాకు ఆధారం (మీకైతే అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు), కుక్క ఫోటో, టీకా బుక్ జిరాక్సు. లైసెన్సు ఎవరు పెంచుతున్నారో వాళ్ల పేరు మీద తీసుకోవాలి, ఇంటి ఓనరు పేరు మీద కాదు. కుక్కను వెంట తీసుకెళ్లాలా అని అడుగుతారు చాలామంది. తీసుకురమ్మంటే తప్ప వద్దు. మన ఊళ్లో మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి లాబ్రడార్‌ను స్కూటీ ముందు నిలబెట్టుకుని వెళ్లారంటే సాయంత్రానికి వడదెబ్బతో నా దగ్గరికే తెస్తారు.

టీకా బుక్ దగ్గరే తేడా వస్తుంది

పెంపుడు కుక్క టీకా, పిల్లలు పుట్టకుండా చూడటం, లైసెన్సు, ఇవన్నీ యజమాని బాధ్యత అని 2001లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే ఉంది. 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి, బాధ్యత మాత్రం మన మీదే ఉంది. ఊళ్లో ఎన్ని కుక్కలున్నాయి, వాటిలో ఎన్నింటికి రేబీస్ టీకా పడింది, కరిస్తే ఎవరిని అడగాలి, ఇదే ఈ లైసెన్సు అసలు ఉద్దేశం. అందుకే అక్కడ ముందు చూసేది రేబీస్ టీకానే.

చాలామంది పొరపడేది ఇక్కడే. "మా వాడికి నైన్ ఇన్ వన్ వేయించాం సార్, అన్నీ అయిపోయాయి" అంటారు. ఆ తొమ్మిదింటిలో పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల జబ్బులు ఉంటాయి, ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టో ఉంటుంది. రేబీస్ చాలా మటుకు ఉండదు. అది వేరే ఇంజెక్షన్. బుక్‌లో "ఏఆర్‌వీ" అనో "రేబీస్" అనో రాసి, పక్కన విడిగా స్టిక్కర్ ఉందేమో వెతకండి. మొదటిది మూడు నెలల వయసులో, బూస్టర్ ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు, అక్కడి నుంచి ఏడాదికోసారి. మీ లాబ్‌కు ఏడు నెలలు కాబట్టి ఈపాటికి రెండు స్టిక్కర్లు ఉండాలి. ఒక్కటే ఉందంటే బూస్టర్ మరిచిపోయారన్నమాట, ఆఫీసుకు వెళ్లే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

స్టిక్కర్ అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, టీకా సీసా మీద చిన్న కాగితం ఉంటుంది, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. దాన్ని ఊడదీసి బుక్‌లో అతికించాలి. పక్కన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర. పెన్నుతో "ఇంజెక్షన్ వేశాం" అని రాసి వదిలేసిన బుక్కులు నేను వందల్లో చూశాను. అవి ఎందుకూ పనికిరావు. షాపులో సీసా కొనుక్కుని ఇంటికి తెచ్చి తెలిసిన కాంపౌండరుతో వేయించేవాళ్లూ ఉన్నారు. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో బండి డిక్కీలో ఉడికిన సీసా ఎంత పనిచేస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండొందలు మిగిలిందనుకుంటారు, కుక్కకు రక్షణ ఉందో లేదో మాత్రం తెలియదు.

గుంటూరులో ఉన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. ఒక రిటైర్డ్ లెక్చరరు గారి జర్మన్ షెపర్డ్, ఆరేళ్ల పాటు ఏటా తేదీ తప్పకుండా టీకా వేయించారు. ఏడో ఏడు కూతురి పెళ్లి పనుల్లో పడి మరిచిపోయారు. అయిదు వారాలు దాటింది. సరిగ్గా అప్పుడే పాల ప్యాకెట్లు వేసే కుర్రాడి పిక్క పట్టుకుంది. ఆరేళ్లుగా వేయించాను మహాప్రభో అన్నా వినేదెవరు? కుర్రాడి తండ్రి నేరుగా స్టేషన్‌కు వెళ్లాడు. చివరికి ఆస్పత్రి ఖర్చులు, పనికి పోని రోజుల కూలీ ఇచ్చి రాజీ పడ్డారు. ఆ పది రోజులు ఆయన నిద్రపోలేదు, రోజూ రెండుసార్లు నాకు ఫోను. కుక్క మాత్రం శుభ్రంగా తిని పడుకుంది.

పది రోజులు అన్నాను కదా, దానికి లెక్క ఉంది. కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన రోజు దాని లాలాజలంలో రేబీస్ లేదని అర్థం. అంతమాత్రాన కరిపించుకున్నవాళ్లు పది రోజులు ఆగి చూడకూడదు. వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగాలి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కుక్కకు టీకా ఉన్నా సరే, మనిషికి ఇంజెక్షన్లు ఎన్ని కావాలో డాక్టరే చెప్పాలి. గవర్నమెంటు ఆస్పత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో అయితే 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. పసుపు, కారం, సున్నం పెట్టడం మన వైపు ఇంకా పోలేదు, దయచేసి ఆ పని చేయకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా వెయ్యే. లైసెన్సు కాగితం ఉంటే కుక్క కరవదా అని అడగకండి, కరుస్తుంది. కానీ "జాగ్రత్త తీసుకున్నాను" అని చెప్పడానికి మీ చేతిలో తేదీలున్న కాగితం ఉంటుంది.

పిల్లి

లైసెన్సుల పద్ధతి మొదటినుంచీ కుక్క చుట్టూ అల్లుకున్నదే. మనిషికి రేబీస్ ఎక్కువగా కుక్క వల్లే వస్తుంది కాబట్టి. పిల్లి వల్ల రాదని కాదు, వస్తుంది. నోయిడాలో 2022 చివర్లో పెట్టిన నియమం ప్రకారం కుక్కతో పాటు పిల్లినీ రిజిస్టర్ చేయించాలి. మీరు కుక్క కోసం వెళ్లినప్పుడు పిల్లి బుక్ కూడా జేబులో పెట్టుకుని వెళ్లండి. తీసుకుంటే సరే. తీసుకోకపోయినా మీకు నష్టం లేదు, అసోసియేషన్ వాళ్ల ముందు పెట్టడానికి టీకా బుక్ ఉంటుంది.

మెట్ల కింద దొరికిన పిల్లి అన్నారు కాబట్టి ఒక ప్రశ్న: దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? ఆడపిల్లి ఆరు నెలలకే కట్టొచ్చు, రెండు నెలలు తిరిగేసరికి ఈనుతుంది. బాల్కనీ దూకి తిరిగే పిల్లి అయితే ఈ ఏడాదిలోనే మీ అపార్ట్‌మెంటులో ఆరేడు పిల్లలు తిరుగుతాయి. అప్పుడు ఆ కాగితం అంటించినవాళ్లను నేను తప్పు పట్టను. లైసెన్సు కంటే ముందు ఆ పని చూడండి.

అసోసియేషన్ నోటీసు

భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే ఒక సలహాపత్రంలో స్పష్టంగా చెప్పింది: అసోసియేషన్లు పెంపుడు జంతువుల్ని నిషేధించలేవు, మెజారిటీతో తీర్మానం చేసినా చెల్లదు, లిఫ్టు వాడొద్దనీ అనకూడదు. ఈ సలహాపత్రం ప్రింటు తీసి నోటీసు పక్కనే అంటించిన కుర్రాణ్ణి ఒకణ్ణి చూశాను. చట్టం ప్రకారం అతను గెలిచాడు. ఆ తర్వాత ఏడాది పాటు ఆ బ్లాకులో ఎవరూ అతనితో మాట్లాడలేదు. నన్నడిగితే లైసెన్సు, టీకా బుక్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టి సెక్రటరీ గారి ఇంటికి వెళ్లి ఇవ్వండి. లిఫ్టులో వేరేవాళ్లు ఉంటే తర్వాతి లిఫ్టుకు వెళ్లండి. గొలుసు లేకుండా కారిడార్లోకి వదలకండి. వాకింగ్‌కు వెళ్లేటప్పుడు పాత న్యూస్‌పేపరు, కవరు తీసుకెళ్లి కుక్క చేసింది మీరే ఎత్తండి. నేను చూసిన గొడవల్లో ముప్పాతిక వంతు కరిచినందుకు వచ్చినవి కావు, కారు టైరు దగ్గర దొడ్డికి కూర్చోబెట్టినందుకు వచ్చినవే.

ఇంటి ఓనరు సంగతి వేరు. అద్దె అగ్రిమెంటులో జంతువులు వద్దని రాసి మీరు సంతకం పెట్టి ఉంటే ఈ సలహాపత్రం ఆయన ముందు పెట్టి లాభం లేదు. ఆయనతో విడిగా మాట్లాడుకోవాలి.

బిళ్ల, బెల్టు, చిప్పు

లైసెన్సుతో బిళ్ల ఇస్తే దాన్ని బీరువాలో దాచకండి, మెడ బెల్టుకు తగిలించండి. బిళ్ల లేకపోయినా మీ ఫోను నంబరు చెక్కించిన రేకు ముక్క ఒకటి తగిలించండి, కీచైన్లు చేసేవాళ్లు చేసిస్తారు. దీపావళి రాత్రి టపాసుల చప్పుడుకు గేటు దూకి పోయిన కుక్కల కోసం తెల్లారి నాకు వచ్చే ఫోన్లు అన్నీ ఇన్నీ కావు.

నాటు కుక్కను పెంచుకునేవాళ్లకు ఈ మాట మరీ ముఖ్యం. లైసెన్సు జాతి కుక్కలకే అనే అపోహ ఒకటుంది. లాబ్రడార్ తప్పిపోతే చూసిన ఎవరికైనా అది ఎవరిదో పెంపుడు కుక్క అని తెలుస్తుంది. నాటు కుక్క మెడలో ఏమీ లేకపోతే కుక్కల బండివాళ్లకు అది వీధి కుక్కే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక వీధి కుక్కల్ని పట్టి ఆపరేషన్, టీకా చేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, పిచ్చిదీ కరిచే స్వభావం ఉన్నదీ మాత్రం వదలకూడదు; బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటినీ మళ్లీ అక్కడ వదలకూడదని అదే ఏడాది నవంబరులో చెప్పింది. కొత్త మనుషులు ఉచ్చు వేసి పట్టుకుంటే భయంతో గుర్రుమనని కుక్క ఉంటుందా? దాన్ని చూసి "ఇది కరిచే రకం" అని రాసుకుంటే మీరు వెళ్లేలోపు కథ మారిపోతుంది. కెన్నెల్ క్లబ్ సర్టిఫికెట్ చూపించి "మాకు రిజిస్ట్రేషన్ ఉంది" అనేవాళ్లూ ఉన్నారు. అది కుక్క తాతముత్తాతల చిట్టా. కార్పొరేషన్ లైసెన్సుకూ దానికీ సంబంధం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఒక కుటుంబం కుక్కను మేడ మీద వదిలి పడవలో బయటపడింది. వారం తర్వాత వెతికితే అది వేరే పేటలో ఎవరి ఇంట్లోనో దొరికింది. వాళ్లు అప్పటికే దానికి అలవాటు పడ్డారు, "మాదే" అన్నారు. వీళ్ల టీకా బుక్ నీళ్లలో ముద్దయింది. అదృష్టం బాగుండి ఆ ఏడాది నేను టీకా వేసినప్పుడు ఆ ఇంటి అమ్మాయి బుక్ పేజీని, కుక్క ఛాతీ మీద తెల్లమచ్చను ఫోనులో ఫోటో తీసుకుంది. ఆ రెండు ఫోటోలతో కుక్క ఇంటికి వచ్చింది. మీరూ ఈరోజే తీసి పెట్టుకోండి, బుక్‌లో ప్రతి పేజీ.

మైక్రోచిప్ ఖాయంగా పనికొస్తుంది. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు, పదిహేను అంకెల నంబరు. కుక్క ఎక్కడుందో ఫోనులో కనిపిస్తుందని అనుకుంటారు, కనిపించదు, స్కానరు పెడితే నంబరు మాత్రమే చెబుతుంది. మన ఊళ్లో దీని అవసరం ఎక్కువగా పడేది పిల్లలు అమెరికాలో ఉండి, కుక్కను పంపమన్నప్పుడు. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడికి వెళ్లే ప్రతి కుక్కకూ చిప్ ఉండాలి, ఆరు నెలలు నిండాలి. మన దేశం వాళ్ల లెక్కలో రేబీస్ ఎక్కువున్న దేశం కాబట్టి మనకు కాగితాలు ఇంకా ఎక్కువ. చిప్ ముందు పెట్టించి, రేబీస్ టీకా ఆ తర్వాత వేయించాలి. టీకా ముందు వేసి చిప్ తర్వాత పెట్టిస్తే ఆ టీకా లెక్కలోకి రాదు, మళ్లీ మొదలు. ఇద్దరు ముగ్గురు ఇలా టికెట్లు రద్దు చేసుకున్నారు. మీకు అలాంటి ఆలోచన ఏమాత్రం ఉన్నా వచ్చే టీకాకు ముందే చిప్ పెట్టించండి.

చివరిగా ఒక చిన్న విషయం, కానీ దీనివల్ల ఫారాలు తిరిగొస్తాయి. కుక్క పేరు. టీకా బుక్‌లో బ్రీడరు "మాక్స్" అని రాస్తాడు, ఇంట్లో పిల్లలు "చింటూ" అంటారు, ఫారంలో నాన్నగారు "టైగర్" అని నింపుతారు. మూడు పేర్లు, ఒకే కుక్క, కౌంటరు దగ్గర మాత్రం మూడు కుక్కలు. టీకా బుక్‌లో ఉన్న పేరే ఫారంలో రాయండి. బుక్‌లో పేరు మార్చాలంటే డాక్టరు దగ్గర కొట్టివేయించి పక్కన సంతకం పెట్టించుకోండి, మీరే వైట్‌నర్ పూయకండి. వయసు, రంగు, ఆడా మగా కూడా బుక్‌తో సరిపోవాలి. మీ ప్రశ్నలో పిల్లి ఆడదో మగదో రాయలేదు, అది చెబితే ఆపరేషన్ ఎప్పుడు, ఎంత విశ్రాంతి కావాలి అన్నది కింద రాస్తాను.